సార్టరు గారి ఊళ్లు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం గురుగ్రామ్‌లో మా ఆఫీసు బయట నిలబడి క్యాబ్ బుక్ చేశాను. డ్రైవరు ఫోన్ చేశాడు.

"సర్, సివిల్ లైన్స్ అని పెట్టారు. కౌన్సా? గుడ్‌గావ్ వాలా, యా దిల్లీ వాలా?"

ఢిల్లీదని చెప్పాను. ఠీక్ హై అని పెట్టేశాడు. అంతే జరిగింది. కానీ నేను ఫోను జేబులో పెట్టుకోకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. ఏ సివిల్ లైన్స్, ఏ సదర్ బజారు, ఏ కంటోన్మెంట్ అనే ఆ ప్రశ్నను మూడేళ్లపాటు దాదాపు ప్రతి ఆదివారం ఒక పెద్దాయన నోట విన్నాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ కబురు తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు నేను రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. అప్పటికే అలాంటి బొమ్మలు చాలా ఉన్నాయి. నాదీ వాటిలో కలిసిపోయింది.

ఢిల్లీ వచ్చిన కొత్తలో నేను జనక్‌పురిలో ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాణ్ని. పక్కింటి కింది వాటాలో ఆయన, స్కూల్లో పాఠాలు చెప్పే ఆయన కూతురు ఉండేవాళ్లు. నేను చేరిన మొదటి ఆదివారం ఆయన గేటు దగ్గర ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పచ్చి బఠాణీలు ఒలుస్తున్నాడు. మెట్లమీద నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడటం విన్నాడు.

"తెలుగా? ఏ ఊరు?"

"బందరండీ."

"బందర్లో?"

"పరాసుపేట."

"అచ్ఛా. ఫ్రెంచోళ్ల పేట నుంచి వచ్చావన్నమాట."

నాకర్థం కాలేదు. ఆయన బఠాణీల పళ్లెం పక్కన పెట్టాడు. "పరాసు అంటే ఫరాసులు. ఫ్రెంచోళ్లు. మీకు దగ్గర్లోనే వలందపాలెం ఉండాది గదా, అది హాలండు వాళ్లది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. ముగ్గురూ సరుకు కొనడానికి వచ్చి పక్కపక్కనే కూచున్నారు."

పుట్టి పెరిగి ఇరవై రెండేళ్లున్న పేట గురించి నాకా ముక్క తెలియదు. మీదీ బందరేనా అని అడిగాను.

"నేను బందరు చూడలేదు. బందరు ఉత్తరాలు చూశా."

ఆయన రైలు తపాలాలో సార్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రైలు కదులుతూ ఉంటే తపాలా బోగీలో గోడ పొడవునా ఉన్న చిన్న చిన్న గూళ్ల ముందు నిలబడి, కట్ట విప్పి, ఒక్కొక్క ఉత్తరాన్నీ అది దిగాల్సిన గూట్లోకి విసరడం ఆయన పని. ఏ తపాలా ఆఫీసుకు ఏ రైలు పోతుందో మొత్తం కంఠస్థం రావాలి. దానికి పరీక్ష ఉండేదట. పరీక్షలో ఎప్పుడూ తప్పలేదని ఒకసారి చెప్పాడు, గొప్పగా కాదు, తన చెప్పుల సైజు చెప్పినట్టు.

రిటైరై ఇరవై ఏళ్లు దాటినా ఆయన కుడిచేతి బొటనవేలు ఆ పని మానలేదు. మాట్లాడుతున్నప్పుడు ఆ వేలు చూపుడు వేలి అంచు మీద ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉండేది, కనపడని కట్టలోంచి పై ఉత్తరం తీస్తున్నట్టు. బఠాణీలు గిన్నెలోకి వెయ్యడం కూడా మణికట్టు విసురుతోనే. ఒక్కటీ కింద పడేది కాదు. ఎవరింటి పెళ్లి పత్రిక వచ్చినా పెళ్లికూతురి పేరు చూడడు, కవరు మీద అడ్రసు చూస్తాడు. అదీ కింది వరస నుంచి పైకి చదువుతాడు. "పేరు ఆఖర్న చదవాల. మనిషికి పేరు ముఖ్యం, ఉత్తరానికి ఊరు ముఖ్యం." మనుషుల విషయంలోనూ అంతే. నా ఊరు, పేట, వీధి మొదటి రోజే అడిగాడు. పేరు అడిగింది నెల తర్వాత.

ఆయన తెలుగు ఏ జిల్లాదో నాకు అంతుపట్టేది కాదు. ఒక మాట నెల్లూరు వైపుది, ఇంకో మాట హైదరాబాదు వైపుది, మధ్యలో హిందీ. అడిగితే "మాది పటాలం తెలుగు" అన్నాడు. వాళ్ల పెద్దవాళ్లు మద్రాసు పటాలాల వెంబడి ఒక కంటోన్మెంట్ నుంచి ఇంకో కంటోన్మెంట్‌కి పోయినవాళ్లు. సిపాయిలు కారు. సిపాయిల బట్టలు ఉతికేవాళ్లు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్లు, అలాంటివాళ్లు. చివరికి నాగపూర్ కూడా దాటిపోయి ఒక ఊళ్లో ఆగిపోయారు. ఆయన అక్కడ పుట్టాడు.

ఊళ్ల గురించి ఆయన దగ్గర ఒకే మాట ఉండేది. తెల్లవాళ్లు పెంచిన ఊళ్లన్నీ ఒకే దర్జీ కుట్టిన చొక్కాలట. కొలతే తేడా, కోత ఒకటే. పాత ఊరికి దూరంగా కంటోన్మెంట్. దానికి తిండీ బట్టా అందించడానికి సదర్ బజారు. కలెక్టరూ జడ్జీ ఉండటానికి వరసగా బంగళాలు, అవి సివిల్ లైన్స్. సాయంత్రం దొరలూ దొరసానులూ గాలి పీల్చుకోవడానికి మాల్ రోడ్డు. సిపాయిల తిరుగుబాటుతో భయం పుట్టాక రైలు పట్టాలను కూడా చాలాచోట్ల పాత ఊరికీ దొరల పేటకూ మధ్య గోడలా వేశారని చెప్పేవాడు. మీరట్‌లో, అంబాలాలో, రావల్పిండిలో కూడా లాల్ కుర్తీ అనే పేట ఉందని, ఎర్రచొక్కాల తెల్ల సిపాయిలుండే చోటి బజారు కాబట్టి ఆ పేరని ఆయన చెబితేనే నాకు తెలిసింది.

ఊళ్లన్నిటికీ కోత ఒకటేనంటే మాత్రం నేను నమ్మలేదు. ఒకసారి ఆఫీసు పనిమీద ఉత్తరప్రదేశ్‌లో ఒక కంటోన్మెంట్ ఊరికి వెళ్లి, స్టేషన్లోంచే ఫోన్ చేశాను. "అంకుల్, మీరీ ఊరు చూశారా?"

"లేదు. చానా ఉత్తరాలు దించా. బయటికి రా. ముందు మైదానం ఉండాదా?"

"ఉంది."

"ఎడమకి పో. చర్చి వస్తుంది. చర్చి వెనకాల బజారు."

"చర్చి లేదండీ. ఫ్లైఓవరుంది."

"ఫ్లైఓవరు తపాలా వాళ్లకి చెప్పి కట్టలేదు. దాని కిందనించి పో."

దాని కింద నుంచి పోతే చర్చి వచ్చింది. వెనకాల బజారు కూడా.

ఆ తర్వాత ఆదివారాలు నేనే వెళ్లడం మొదలుపెట్టాను. నాకోసం రెండో కుర్చీ వేసి ఉంచేవాడు. టీ ఆయనే పెట్టేవాడు, చక్కెర ఎక్కువ. వాళ్ల అమ్మాయి, ఆమెను నేను దీదీ అని పిలిచేవాణ్ని, వంటింట్లోంచి హిందీలో అరిచేది, "పాపా, షుగర్!" అని. ఆయన నాకేసి చూసి, "ఈ ఉత్తరం నా పేరున కాదు, వాపసు," అని ఇంకో చెంచా వేసుకునేవాడు.

ఒక శీతాకాలం ఆదివారం దీదీ స్కూలు పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోయింది. మేమిద్దరమే ఉన్నాం. మాటల్లో అడిగాను. "అంకుల్, లాల్ కుర్తీ సరే. కంటోన్మెంట్లలో లాల్ బజారు అని కూడా ఉంటుందట కదా, అదేమిటి?"

ఆయన బొటనవేలు ఆగింది. అది ఆగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"ముందు ఒక మాట. పేరు ఒకటైతే కథ ఒకటి కాదు. కలకత్తా లాల్‌బజార్‌ది వేరే కథ. అన్నిటినీ ఒకే గూట్లో వెయ్యకూడదు. నేను చెప్పేది పటాలం లాల్ బజారు."

తర్వాత చెప్పాడు. తనకు పదహారేళ్లప్పుడు వాళ్ల అమ్మమ్మకు కాళ్లు వాస్తే మునిసిపల్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. కాంపౌండరు చీటీ రాస్తూ పేరడిగాడు. "మా అమ్మమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ ఇట్లా ముందుకి చాపింది. పేరు చెప్పలేదు. నంబరు చెప్పింది. కాంపౌండరు నవ్వాడు, ముసల్దానికి మతి పోయిందని. నేనూ నవ్వా, బాబూ."

ఆ నవ్వు దగ్గర ఆయన ఆగాడు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. ఆఫీసు నుంచి ఏదో మెసేజీ. చదివాను, జవాబు కొట్టాను. ఆయన నేను తల ఎత్తేదాకా ఆగలేదనుకుంటాను. ఏదో చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఆ నంబరు చెప్పాడని మాత్రం తెలుసు.

ఆ నంబరు ఏమిటో ఆయనకు చాలా ఏళ్ల తర్వాత రైల్లో ఒక ముసలి సార్టరు చెబితే తెలిసిందట. పటాలానికి గుర్రాలను, గడ్డిని సమకూర్చినట్టే ఆడవాళ్లను కూడా సర్కారే సమకూర్చేది, వాళ్లను ఉంచిన చోటే లాల్ బజారు. పేరు పక్కన పెట్టి నంబరు ఇచ్చేవాళ్లు. వరసలో నిలబెట్టి, చేతులు చాపించి డాక్టరు చూసేవాడు. జబ్బు తేలితే ఆసుపత్రిలో పెట్టి తాళం వేసేవాళ్లు. సిపాయికి రోగం అంటకూడదు, అంతే. "ముసలాయన చెబుతుంటే నేను చేతిలో ఉత్తరాలు పట్టుకుని నిలబడిపోయా. ఆ రోజు ఒక కట్ట తప్పు గూట్లో వేశా. సర్వీసు మొత్తంలో అదొక్కటే."

కాసేపటికి అన్నాడు, "మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఇంట్లో కూచుని చెప్పే మాట కాదు. ఆ ఊరు తీసుకుపోయి, ఆ చోట నిలబెట్టి చెబుతా. మే నెల సెలవుల్లో పోదామనుకుంటున్నా."

ఎవరికీ చెప్పవద్దని ఆయన నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరం ఉంటుందని అనుకోలేదు.

ఇక నా సంగతి. అప్పటికే ఆయన మాటలతో ఆఫీసులో నాకు కొంత పేరొచ్చింది. భోజనాల దగ్గర ఎవరు ఏ ఊరని చెప్పినా ఆ ఊళ్లో మాల్ రోడ్డు ఎక్కడుందో చెప్పేవాణ్ని. "బాస్, నీకివన్నీ ఎలా తెలుసు?" అని అడిగేవాళ్లు. "చదువుతుంటాను" అనేవాణ్ని. ఒక్కరికి కూడా ఆయన గురించి చెప్పలేదు. తెలుగు సంఘంలో ఒకాయన నా ఊళ్ల కబుర్లు విని, ఉగాదికి జనక్‌పురి హాల్లో ఒక పావుగంట మాట్లాడమన్నాడు. ఒప్పుకున్నాను. సార్టరు గారినీ దీదీనీ నేనే పిలిచాను. నా తెలివి ఆయన చూడాలని పిలిచాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

హాలు నిండింది. బందరుతో మొదలుపెట్టాను, సివిల్ లైన్స్ మీదుగా లాల్ కుర్తీకి వచ్చాను. జనం వింటున్నారు. వింటున్నారు కదా అని లాల్ బజారు కూడా ఎత్తుకున్నాను. ఆడవాళ్లు, నంబర్లు, డాక్టరు, తాళం, అన్నీ చెప్పేశాను. ముందు వరసలో సెక్రటేరియట్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు.

"ఏమండీ, కలకత్తాలో లాల్‌బజార్ అంటే పోలీసు హెడ్డాఫీసు. అది కూడా ఇదేనంటారా? ఎక్కడ చదివారు మీరు?"

వెనకాల ఎవరో, "పోలీసులకి కూడా నంబర్లుంటాయిగా," అన్నారు. హాలంతా నవ్వింది.

దానికి జవాబు నాకు తెలిసి ఉండాలి. ఆయన ముందే చెప్పాడు, అన్నిటినీ ఒకే గూట్లో వెయ్యకూడదని. ఆ క్షణాన అది గుర్తు రాలేదు. జనం నవ్వుతున్నారన్నదే గుర్తుంది. "పుస్తకం ఎందుకండీ, సాక్ష్యం మూడో వరసలో కూర్చునుంది," అన్నాను. ఆసుపత్రి సంగతి మొత్తం చెప్పాను, చేతులు చాపి మరీ చూపించాను. నంబరు దగ్గరికి వచ్చేసరికి నాకది తెలియదు. ఆగితే కథ చెడుతుందని నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పాను.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నా మాటల బలమే అనుకున్నాను. ఆ తర్వాత మూడో వరస వైపు చూశాను. దీదీ నన్ను చూడటం లేదు. వాళ్ల నాన్నను చూస్తోంది.

ఆయన మెల్లగా లేచాడు. ముందు వరస పెద్దమనిషికేసి తిరిగి అన్నాడు.

"బాబు చెప్పింది నిజం. కలకత్తా సంగతి వేరే, అది మీరు చెప్పిందే రైటు. నంబరు మాత్రం బాబు తప్పు చెప్పాడు."

అసలు నంబరు చెప్పాడు. మైకు లేదు, గొంతు పెంచలేదు, అయినా హాలు చివరిదాకా వినిపించింది. తర్వాత దీదీ భుజం మీద చెయ్యి వేసి, ఇద్దరూ కుర్చీల మధ్య నుంచి బయటికి వెళ్లిపోయారు. పులిహోర దగ్గర నలుగురైదుగురు నా చెయ్యి పట్టుకుని ఊపారు. మంచి విషయాలు చెప్పారండీ అన్నారు. నేను థాంక్స్ చెప్పాను.

తర్వాతి ఆదివారం వెళ్లలేదు. ఆ పై ఆదివారం కూడా. వాళ్ల గేటు ముందు నుంచి పోవాల్సొస్తే ఫోను చెవి దగ్గర పెట్టుకుని పోయేవాణ్ని. రెండు నెలల్లో ఆఫీసుకి దగ్గరని చెప్పి గురుగ్రామ్ మారిపోయాను. దూరం గురించి మా ఇంట్లోవాళ్లకి చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ కారణం అది కాదు.

క్యాబ్ డ్రైవరు ఫోన్ చేసిన ఆ వారంలోనే, ఆదివారం పొద్దున్న మెట్రో ఎక్కి జనక్‌పురి వెళ్లాను. ముందుగా ఫోన్ చెయ్యలేదు. వద్దంటుందేమోనని భయం. దీదీ తలుపు తీసింది. జుట్టు బాగా నెరిసింది. గుర్తుపట్టడానికి ఆమెకు సమయం పట్టలేదు.

"ఆయియే భయ్యా. చాయ్ పెడతా."

చాయ్ తెచ్చింది. చక్కెర తక్కువ. చెప్పాల్సింది మెట్రోలో నాలుగు రకాలుగా అనుకుని వచ్చాను. చివరికి, "దీదీ, ఆ రోజు నేను చేసింది తప్పు," అన్నాను.

"హా," అంది. కాదనలేదు. అందుకు ఇప్పటికీ ఆమె మీద గౌరవం.

కొంచెంసేపటికి ఆమే చెప్పింది, సగం తెలుగు, సగం హిందీ. "ఆ రోజు పాపా ఇంటికొచ్చి వంటింట్లో స్టూల్ మీద కూచుని అంతా చెప్పారు. తాను నవ్విన సంగతి కూడా. నాకు సిగ్గు అనిపించలేదు భయ్యా. మా ముత్తవ్వ కదా. కానీ రెండు వందల మందితో పాటు తెలిసింది నాకు. మే నెలకి టికెట్లు ఉండె. క్యాన్సిల్ చేశారు. అక్కడ నిలబడి చెప్పాలనుకున్నా, చెప్పడానికి ఇప్పుడేముంది అన్నారు."

"నా మీద కోపంగా ఉండేవారా?"

"కోపమా?" ఆమె ఆలోచించింది. "మీరు వస్తారని చూశారు. ఆదివారం రెండో కుర్చీ వేసేవాళ్లు."

"ఎన్నాళ్లు?"

"చానాళ్లు. నేనే గొడవ చేశా, ఎండకి కుర్చీ పాడవుతుంది తీసెయ్యమని. తర్వాత దాని మీద బఠాణీలు పెట్టుకునేవాళ్లు."

గేటు దగ్గర ఆ కుర్చీ ఇంకా ఉంది. వచ్చేటప్పుడు చూశాను. ఒక చెయ్యి విరిగింది, తాడుతో కట్టారు.

లేవబోయే ముందు అడిగాను. ఆయన గురించి రాయాలనుంది, రాయవచ్చా అని. ఈసారి ముందే అడిగాను. ఆమె ఖాళీ కప్పులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"నంబర్ రాస్తారా?"

"మీరు వద్దంటే రాయను."

"నంబర్ వద్దు. పాపా పేరు వద్దు. ఆ ఊరు కూడా వద్దు భయ్యా, అక్కడ ఇప్పుడు పిల్లలు స్కూల్‌కి పోతుంటారు."

"ఊరూ పేరూ లేకపోతే ఇంక ఏం రాయను, దీదీ?"

ఆమె కప్పులు పట్టుకుని లేచింది.

"మీరు చేసింది రాయండి. అది మీదే గదా."